బరువైనదే ముందు పడుతుందన్న అమ్మాయి: తొమ్మిదో తరగతి నుంచి ఒక కేసు

నల్గొండ జిల్లాలో సాగర్ ఎడమ కాల్వ కింద ఒక ఊరు. అక్కడి జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఇది మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరి కేసు. తల్లి ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరి పేరు, సంవత్సరం, గుర్తుపట్టే వివరాలు తీసేశాను, ఒకటి రెండు మార్చాను. ఇందులో ఎక్కువ తప్పులు నావే కాబట్టి నా వైపు సంగతులు మాత్రం ఏవీ దాచలేదు.

నేపథ్యం

మా ఊళ్లో వరి తప్ప మరో మాట వినపడదు. వానాకాలం కోతలు అక్టోబర్ చివర్లో మొదలైతే నవంబర్ అంతా రోడ్డు పక్కన వడ్ల కుప్పలే. హార్వెస్టర్ కోసిన వడ్లు ట్రాక్టర్‌లో నేరుగా ఐకేపీ కేంద్రానికి, అంటే ప్రభుత్వం తరఫున వడ్లు కొనే చోటికి, వస్తాయి. తేమ 17 శాతానికి దిగేదాకా టార్పాలిన్ పట్టాల మీద ఆరబోస్తారు, తాలు (లోపల గింజ నిండని వడ్లు) పోయేదాకా తూర్పార పడతారు. తాలు ఎక్కువుంటే తూకంలో తరుగు తీస్తారన్న భయం ఏ రైతుకైనా ఉండేదే. ఆ అమ్మాయి తల్లి అక్కడ కూలీకి తూర్పార పడుతుంది. సెలవు రోజుల్లో అమ్మాయి కూడా వెళ్లి సాయం చేస్తుంది. పెద్ద ఫ్యాను ముందు చాట ఎత్తి పట్టుకుని ఎలా నిలబడాలో ఆరో తరగతి నుంచే తెలుసట.

గురుత్వాకర్షణ పాఠం నేను చెప్పేది సరిగ్గా ఆ కోతల రోజుల్లోనే. కిటికీలోంచి చూస్తే పొల్లు ఎగురుతూ కనపడుతుంది. బోర్డు మీద స్వేచ్ఛాపతనం ఉంటుంది. ఇన్నేళ్లలో ఆ రెండింటికీ సంబంధం ఉందని నాకు ఒక్కసారీ తట్టలేదు.

అమ్మాయి మార్కుల్లో మధ్యరకం. కానీ ప్రశ్నలు వేసే పిల్ల. పాఠం మధ్యలో "అట్లెట్ల సార్?" అని ఒక గొంతు వినపడిందంటే అది తనదే.

సమస్య ఎలా బయటపడింది

పాఠం అయ్యాక చిన్న పరీక్ష పెట్టాను. అందులో ఒక ప్రశ్న: ఒకే ఎత్తు నుంచి రాయిని, ఆకును వదిలితే రాయి ముందు నేలను తాకుతుంది, ఎందుకు? అమ్మాయి మొదట "రాయి బరువు ఎక్కువ కాబట్టి" అని రాసి, దాన్ని కాగితం చిరిగేంత గట్టిగా కొట్టేసి, కింద ఇలా రాసింది: "గాలి నిరోధం వల్ల. బరువుకు సంబంధం లేదు." నా నోట్సులో ఉన్న వాక్యమే. మార్కు వేసేశాను.

ఆ తర్వాత రెండు వారాలు ఆ గొంతు వినపడలేదు. నిజం చెప్పాలంటే మొదట్లో క్లాసు తొందరగా సాగుతోందని సంతోషించాను కూడా. తర్వాత ఎందుకో మనసుకు పట్టలేదు. ఒకరోజు బెల్లు కొట్టాక ఆపి, పేపరు తీసి చూపించాను.

"ఇదెందుకు కొట్టేసినవ్ బిడ్డా?"

"తప్పు కద సార్."

"తప్పని నీకు అనిపించిందా, నేను చెప్పిననని కొట్టేసినవా?"

కాసేపు కింద చూసి మెల్లగా అంది: "పరీక్షకు మీరు చెప్పిందే రాస్తా సార్. కల్లంల మాత్రం బరువున్నదే ముందు పడ్తది."

అప్పుడు నేను దీన్ని ఎలా అర్థం చేసుకున్నానో చెప్పాలి, ఎందుకంటే తర్వాతి తప్పులన్నీ అక్కడి నుంచే వచ్చాయి. బరువైనది వేగంగా పడుతుందన్న నమ్మకం అరిస్టాటిల్ కాలం నాటిది, ప్రతి బ్యాచ్‌లోనూ పది మందికి ఉంటుంది. అది పాత అపోహ, నాలుగు ప్రయోగాలు చేసి చూపిస్తే పోతుందనుకున్నాను. అమ్మాయి ఏం చూసి ఆ మాట అంటోందో మాత్రం అడగలేదు.

చేసినవి, ఫలించనివి

మొదటిది అందరూ చేసేదే. నోటు పుస్తకంలోంచి ఒకే సైజు కాగితాలు రెండు చింపి, ఒకదాన్ని ఉండ చుట్టి, రెండూ ఒకేసారి వదిలాను. ఉండ ముందు పడింది. "రెండింటి బరువూ ఒక్కటే కదా, మరి ఎందుకు?" అని అడిగి, బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను: బరువు కాదు, ఆకారమే కారణం.

ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. బరువు మార్చకుండా ఆకారం మారిస్తే పడే సమయం మారింది. దాన్నిబట్టి ఆకారానికి పాత్ర ఉందని చెప్పొచ్చు, అంతే. బరువుకు పాత్ర లేదని చెప్పాలంటే ఆకారం, సైజు అలాగే ఉంచి బరువు ఒక్కటే మార్చి చూడాలి. ఒక ప్రయోగంలో ఒక్కదాన్నే మార్చాలని ఏడో తరగతి పిల్లలకు చెప్పేది నేనే. అలాంటివాడినే సగం ప్రయోగం చేసి మొత్తం తీర్పు ఇచ్చేశాను. పదేళ్లుగా ఇస్తున్నాను.

రెండోసారి పుస్తకం మీద కాగితం పెట్టి వదిలాను. రెండూ కలిసి పడ్డాయి. క్లాసంతా ఆశ్చర్యపోయింది. అమ్మాయి మాత్రం, "కాగితం పుస్తకం చాటుకున్నది సార్, దానికి గాలి తాకలే" అంది. సరైన మాటే. నేను దాన్ని దాటేసి ముందుకు పోయాను.

తర్వాత చంద్రుడి వీడియో. 1971 ఆగస్టు 2న అపోలో 15 యాత్రలో డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద ఒక చేత్తో సుత్తి, ఒక చేత్తో డేగ ఈక పట్టుకుని ఒకేసారి వదిలాడు. సుత్తి 1.32 కిలోలు, ఈక 30 గ్రాములు. రెండూ కలిసే నేల తాకాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇక తేలిపోయిందనుకున్నాను.

"అక్కడ గాలి లేదు కద సార్."

"అదే కదా నేను చెప్పేది."

"మనకున్నది కద."

ఆ మాటలో ప్రశ్న ఉందని నాకు వినపడలేదు, ఎదురు మాట్లాడుతోందనే అనిపించింది. తర్వాత చాలాసార్లు గుర్తు చేసుకున్నాను. ఆ వీడియో చూసి అమ్మాయి నేర్చుకున్నది ఏమిటంటే, సార్ చెప్పే ఫిజిక్స్ చంద్రుడి మీద పనిచేస్తుంది, మా కల్లంలో పనిచేయదు.

నాలుగోసారి కాస్త బుద్ధి వచ్చింది. ఈసారి సైజు ఒకటే ఉంచి బరువు మార్చాను. పీఈటీ సార్ దగ్గర లెదర్ బంతి తెచ్చాను, అదే సైజు ప్లాస్టిక్ బంతి ఒకటి కొన్నాను. ఒకటి 160 గ్రాముల దాకా ఉంటుంది, రెండోది 15. టేబుల్ ఎత్తు నుంచి వదిలితే ఒకటే చప్పుడు. మళ్లీ వదిలాను, మళ్లీ ఒకటే చప్పుడు. "చూశారా" అన్నాను.

"బిల్డింగ్ మీదికెళ్లి ఏస్తే సార్?"

"ఎక్కడి నుంచి వేసినా అంతే."

నా ఉద్యోగంలో ఇంత ధైర్యంగా, ఇంత తప్పుగా చెప్పిన జవాబు మరొకటి ఉండదు.

మేడ మీద

హెడ్మాస్టర్ అనుమతి తీసుకుని మర్నాడు మధ్యాహ్నం మేడ ఎక్కాను. పిల్లల్ని కింద దూరంగా నిలబెట్టి, ఒకరి చేతికి నా ఫోన్ ఇచ్చి వీడియో తీయమన్నాను. పిట్టగోడ నుంచి నేలకు దాదాపు 7 మీటర్లు. వదిలాను. లెదర్ బంతి ముందు పడింది, చప్పుళ్లు రెండు వినపడ్డాయి. చేతులు ఒకేసారి వదల్లేదేమో అనుకున్నాను. చేతులు మార్చి వేశాను. అట్ట మీద రెండూ పెట్టి అట్ట వంచి వేశాను. పదిసార్లు వేస్తే పదిసార్లూ అంతే. వీడియో ఆపి చూస్తే లెదర్ బంతి నేలను తాకేటప్పటికి ప్లాస్టిక్ బంతి ఇంకా నడుమెత్తులో ఉంది. సెకనుకు 30 ఫ్రేముల ఫోన్‌లో మూడు ఫ్రేముల తేడా, అంటే సెకనులో పదో వంతు.

పిల్లలు నా ముఖం చూస్తున్నారు. అమ్మాయి మాత్రం నవ్వలేదు, నేలచూపులు చూస్తోంది. నన్ను ఓడించానని భయపడిందేమో. అక్కడ రెండు దారులు కనపడ్డాయి. గాలి వీస్తోందని ఏదో ఒకటి చెప్పి గంట కొట్టించడం ఒకటి. నాకు తెలియలేదని ఒప్పుకోవడం రెండోది. మొదటిది నాలుక చివరి దాకా వచ్చింది. ఎందుకు ఆగానంటే, వీడియో పిల్లలు కూడా చూశారు. గొప్ప నిజాయితీ ఏమీ కాదు. "నేను నిన్న చెప్పింది తప్పు. ఎందుకు తప్పో రేపు చెప్తా" అన్నాను.

ఆ రాత్రి లెక్క వేశాను. గాలి అడ్డం వస్తువు వేగాన్ని బట్టి పెరుగుతుంది. ఇలాంటి బంతులకు వేగం రెట్టింపైతే అడ్డం దాదాపు నాలుగు రెట్లు. టేబుల్ ఎత్తు నుంచి పడేలోపు వేగం అంతగా పెరగదు కాబట్టి రెండు బంతుల తేడా సెకనులో వెయ్యో వంతుల్లో ఉంటుంది, చెవికి ఒకటే చప్పుడు. 7 మీటర్లకు లెదర్ బంతికి 1.2 సెకన్లు, ప్లాస్టిక్ బంతికి 1.3. వీడియోలో చూసింది అదే. మరి సాగర్ డ్యామ్ ఎత్తు, 124 మీటర్ల నుంచి వదిలితే? గాలి లేకుండా ఏ బంతికైనా 5 సెకన్లు చాలు. గాలిలో లెదర్ బంతికి 6 సెకన్ల లోపే, ప్లాస్టిక్ బంతికి మాత్రం దాదాపు 12. రెండూ ఒకటే సైజు, ఒకటే ఆకారం. మారింది బరువు ఒక్కటే. నేను బోర్డు మీద రాసిన వాక్యం ఆ కాగితం మీద నాకే అబద్ధమై కనపడింది.

గెలీలియో ఈ సంగతి ముందే ఒప్పుకున్నాడు. 1638లో అచ్చయిన పుస్తకంలో, ఎత్తు నుంచి వదిలిన పెద్ద గుండు, చిన్న గుండు కంటే రెండు వేళ్ల వెడల్పు ముందు పడుతుందని రాయించాడు. ఆ రెండు వేళ్లను పట్టుకుని అరిస్టాటిల్ చేసిన పెద్ద తప్పును దాచొద్దన్నది ఆయన వాదం. మనం ఆయన వాదం ఒక్కటే ఉంచుకుని ఆ రెండు వేళ్లను పాఠంలోంచి తీసేశాం.

మర్నాడు ఉత్సాహంగా వెళ్లి సూత్రం రాశాను: పడే వస్తువు త్వరణం కావాలంటే g (గురుత్వ త్వరణం) లోంచి, గాలి అడ్డాన్ని ద్రవ్యరాశితో భాగించగా వచ్చింది తీసేయాలి. కింద ద్రవ్యరాశి పెద్దదైతే తీసివేత చిన్నదవుతుంది, అంతే విషయం. నాకు ఎంతో అందంగా కనపడింది. అమ్మాయి బుద్ధిగా ఎక్కించుకుంది, ఏమీ అడగలేదు. అంటే ఇదీ ఫలించలేదు. ఇంకో నోట్సు వాక్యం అయిందంతే.

గింజల దగ్గరికి

ఆదివారం ఐకేపీ కేంద్రానికి వెళ్లాను. ఈసారి చెప్పడానికి వెళ్లలేదు. కల్లంలో వేరేగా ఉంటుందని ఆ రోజు తను అన్నప్పుడు నేను అడగాల్సిన ప్రశ్న అడగడానికి వెళ్లాను: నువ్వు చూసింది ఏంటి?

అమ్మాయి రెండు గింజలు ఏరి నా అరచేతిలో పెట్టింది. "ఇది గట్టి గింజ సార్, ఇది తాలు. కండ్లు మూసుకుని పట్టుకోండి." మూసుకున్నాను. వేళ్ల మధ్య రెండూ ఒకలాగే తగిలాయి.

"సైజు ఒక్కటే, షేపు ఒక్కటే కద సార్. చాటలకెళ్లి వదిలితే గట్టిది కాళ్లకాడ పడ్తది, తాలు ఆ పట్టా దాకా పోతది. ఆకారమే కారణమైతే తాలెట్ల పోవాలె?"

నిజంగానే నా దగ్గర జవాబు లేదు. మూడేళ్లుగా ఆ పిల్ల చేస్తున్నది సైజు, ఆకారం మార్చకుండా బరువు ఒక్కటే మార్చే ప్రయోగం. రోజుకు కొన్ని లక్షల గింజలతో. నేను రెండు కాగితాలతో దాన్ని కొట్టేయాలని చూశాను.

తల్లి చాట దించకుండానే ఇంకో మాట చెప్పింది: "గాలి సల్లగ వీస్తే చాట మీదికెత్తాలె సారూ. ఎక్కువుంటే కిందికి దించాలె. లేకుంటే గట్టి గింజ గూడ పోతది." ఎత్తు పెరిగితే గింజ గాలిలో ఉండే సమయం పెరుగుతుంది, తక్కువ గాలికి కూడా తాలును పక్కకు నెట్టే వ్యవధి దొరుకుతుంది. ఎవరూ చెప్పకుండా చేతికి వచ్చిన లెక్క అది. నేను వంద గట్టి గింజలు, వంద తాలు గింజలు పొట్లం కట్టుకుని వచ్చాను. కంసాలి త్రాసు మీద పెడితే గట్టివి 2.2 గ్రాములు, తాలు 0.4. ఐదింతలకు పైన.

ఏది పనిచేసింది

సోమవారం క్లాసు ఆ అమ్మాయితోనే మొదలుపెట్టించాను. గింజల పొట్లాలు బెంచీలన్నీ తిరిగాయి. తర్వాత చాక్‌పీస్‌తో రెండు గింజలు గీసి బాణాలు వేశాం. లెక్క తేలిక కావడానికి గట్టి గింజను భూమి 5తో లాగుతోంది, తాలును 1తో లాగుతోంది అనుకున్నాం. రెండూ ఒకే వేగంతో పడుతుంటే గాలి పైకి నెట్టే బాణం ఎంత? సైజు, ఆకారం ఒకటే కాబట్టి రెండింటికీ ఒకటే బాణం. గాలి బరువు అడగదు. ఆ బాణం 1 అయిన క్షణాన తాలుకు మిగిలింది సున్నా, గట్టి గింజకు ఇంకా 4 ఉంది.

"గాలి దెబ్బ ఇద్దరికీ ఒక్కటే సార్. తాలుకు తట్టుకునే బరువు లేదు" అంది అమ్మాయి. నేను నోట్సులో ఈ మాటే రాయించాను.

ఇప్పుడు అసలు చిక్కు వచ్చింది. ఇదే లెక్కలో గాలి తీసేస్తే 5తో లాగేది 1తో లాగేదాని కంటే ముందు రావాలి కదా? తనే అడిగింది. ఆ గొంతు మళ్లీ వచ్చినందుకు లోపల సంతోషం, జవాబు ఎలా చెప్పాలో అని టెన్షన్. రెండు ఎడ్లబండ్లు గీశాను. ఒకదాంట్లో ఐదు బస్తాలు, లాగడానికి ఐదు జతల ఎద్దులు. రెండోదాంట్లో ఒక బస్తా, ఒక జత. ఏది ముందు?

"రెండూ ఒక్కటే."

"ఇప్పుడు రెండు బండ్లకూ వెనక నుంచి ఒక్కో జత కట్టి వెనక్కి లాగిస్తే?"

"ఒక బస్తా బండి ఆగిపోతది. ఐదు బస్తాలది పోతనే ఉంటది, జర మెల్లగ."

క్లాసులో సగం మందికి ఇక్కడే వెలిగింది. భూమి లాగే బలం వస్తువు ద్రవ్యరాశిని బట్టి పెరుగుతుంది, దాన్ని కదిలించడానికి కావాల్సిన బలమూ అదే లెక్కన పెరుగుతుంది, రెండూ కొట్టేసుకుంటాయి. గాలి అడ్డం అలా పెరగదు, అందుకే తేలిక దానికి ఎక్కువ తగులుతుంది. మొన్నటి సూత్రం మళ్లీ రాశాను. ఈసారి కింద ద్రవ్యరాశి ఎందుకు ఉందో పిల్లలే చెప్పారు. సూత్రం తప్పు కాదు, ముందు వచ్చింది, అంతే.

తర్వాత కాగితం కోన్లు. నోటు కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి, ఒక ముక్క తీసి, పల్లీల పొట్లం కంటే వెడల్పుగా చుట్టి అంటిస్తే చివర కిందికి పెట్టుకుని నిదానంగా దిగుతుంది. ఒకటే సైజువి నాలుగు ఒకదాంట్లో ఒకటి పెడితే బయటి ఆకారం అదే, బరువు నాలుగింతలు. కాగితం ఉండలో నేను వదిలేసిన మిగతా సగం ప్రయోగం ఇది. నాలుగు కోన్ల కట్ట ఎన్ని రెట్లు వేగంగా పడుతుందని అడిగాను. "నాలుగు రెట్లు" అన్నారు అందరూ, అమ్మాయి కూడా. అలాగైతే ఒక కోను 1 మీటరు పడేలోపు కట్ట 4 మీటర్లు పడాలి. పడలేదు. ఎత్తులు మారుస్తూ పోతే ఒక కోను 1.5 మీటర్ల నుంచి, కట్ట 3 మీటర్ల నుంచి వదిలినప్పుడు దాదాపు కలిశాయి. రెండు రెట్లే. వేగం రెట్టింపైతే అడ్డం నాలుగింతలని అప్పుడు చెప్పాను, నాలుగింతల బరువుకు అది సరిపోయింది. కట్ట ప్రతిసారీ జానెడు వెనకబడేది. ఒక అబ్బాయి కోను సరిగా అంటలేదన్నాడు. బరువైన దానికి తన చరమవేగం, అంటే ఇక పెరగకుండా నిలిచే వేగం, అందుకోవడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, ఆ జానెడు దానిదే.

వాన చినుకు లెక్క కూడా ఆ రోజే చేశాం. గాలి లేకుండా 1 కిలోమీటరు ఎత్తు నుంచి పడితే చినుకు సెకనుకు 140 మీటర్ల వేగంతో నెత్తిన పడాలి. ఎంత పెద్ద చినుకైనా నిజానికి సెకనుకు 9 మీటర్ల దగ్గర ఆగిపోతుంది.

మిగిలిపోయింది

"ఆగిపోతుంది" అన్న మాట నాకు మళ్లీ తల నొప్పి తెచ్చింది. నెల తర్వాత చరమవేగం మీద అడిగితే అమ్మాయీ, ఇంకో ఆరుగురూ ఇలా రాశారు: గాలి అడ్డం, బరువు సమానం అయితే వస్తువు గాలిలో ఆగిపోతుంది. ఎక్కడి నుంచి వచ్చిందని వెతికితే దొరికింది నా ఎడ్లబండే. బండికి ముందూ వెనకా ఒక్కో జత లాగితే అది నిలబడిపోతుంది, పిల్లలు కళ్లారా చూసిన సంగతి. ఎందుకంటే నేల మీద ఇరుసు దగ్గర, చక్రం కింద ఘర్షణ ఉంటుంది. పడే కోనుకు అది లేదు. బలాలు సమానమైతే అప్పటికి ఉన్న వేగం అలాగే ఉంటుంది, పెరగడం ఒక్కటే ఆగుతుంది. బండి ఉపమానం ఒక ముడి విప్పి ఇంకో ముడి వేసింది. అయినా దాన్ని మానలేదు, మొదటి ముడికి అంతకంటే మంచిది నాకు దొరకలేదు. అది ఎక్కడ పనిచేయదో కూడా ఇప్పుడు వెంటనే చెబుతున్నాను.

దీనికి మందు వీడియోలోనే ఉంది. గోడ మీద స్కేలుతో గీతలు గీసి, ఒక్క కోను పడటం తీసి, ఫ్రేము ఫ్రేముకూ జరిపించాను. మొదటి కొన్ని ఫ్రేముల్లో దూరం పెరుగుతూ వచ్చి, తర్వాత ఫ్రేముకు 4 సెంటీమీటర్ల చొప్పున నేల దాకా అలాగే పోయింది. "ఆగలే సార్. పెరుగుడు ఆగింది" అంది అమ్మాయి. ఆరుగురిలో నలుగురు ఒప్పుకున్నారు. ఇద్దరు ఒప్పుకున్నట్టు తల ఊపారు, ఆ రెండింటికీ తేడా ఇప్పుడు నాకు కొంచెం తెలుసు.

ఇంకో నష్టం కూడా రాయాలి. మేడ మీది ప్రయోగం చూసిన ఒక అబ్బాయి "బరువైనదే ముందని సారే ఒప్పుకున్నాడు" అని పక్క సెక్షన్‌లో చెప్పి వచ్చాడు. వాడికి టేబుల్ ప్రయోగం గుర్తు లేదు, మేడే గుర్తుంది. అందుకే ఈ రెండు ప్రయోగాలను ఇప్పుడు విడదీసి చేయను. ఒకే పీరియడ్‌లో ముందు టేబుల్, వెంటనే మేడ, ఆ తర్వాత "రెండు జవాబులు ఎందుకొచ్చాయి" అన్న ప్రశ్న. ఒకటి చూసి ఇంకోటి చూడకుండా ఇంటికి పోతే ఏ వైపు తప్పు నమ్ముతారో చెప్పలేం.

బోర్డు మీది వాక్యం మారింది. "గాలి లేని చోట బరువుకు సంబంధం లేదు. గాలిలో సైజు, ఆకారం, బరువు, ఎత్తు అన్నీ చూడాలి." పొడుగైంది, పిల్లలు బట్టీ పట్టడానికి ఇబ్బంది పడుతున్నారు, పట్టకపోతేనే నయం. ప్రశ్నపత్రంలో రాయి, ఆకు ప్రశ్న తీసేశాను. దాంట్లో సైజు, ఆకారం, బరువు మూడూ ఒకేసారి మారతాయి, పిల్ల బరువు అని రాసినా ఆకారం అని రాసినా సగం నిజమే. నేను అడిగిందే సరిగా లేదు. ఇక, పిల్ల ఒక జవాబును కొట్టేసి ఇంకోటి రాస్తే కొట్టేసిందే ముందు చదువుతున్నాను. పేపర్లు దిద్దడానికి ఎక్కువ సమయం పడుతోంది.

యాసంగి కోతలప్పుడు, ఏప్రిల్‌లో, ఒక సాయంత్రం వడగండ్ల వాన పడింది. కేంద్రంలో ఆరబోసిన వడ్లు తడిసిపోయాయి, రెండు రోజులు తల్లీకూతుళ్లు వడ్లు తిరగబోస్తూనే ఉన్నారు. మూడో రోజు బడికి వచ్చి అడిగింది: "చిన్న రాళ్లు మట్టి మీద ఊకెనె ఉన్నయి సార్. పెద్దయి గుంటలు పెట్టినయి. బరువుతోనా, జోరుతోనా?" జవాబు చెప్పలేదు. రాయి అడ్డుకొలత రెట్టింపైతే బరువు ఎన్ని రెట్లు, గాలికి ఎదురయ్యే వైశాల్యం ఎన్ని రెట్లు చూసుకు రమ్మన్నాను. మర్నాడు నోటు పుస్తకం తెచ్చింది. బరువు 8 రెట్లు, వైశాల్యం 4 రెట్లు, కాబట్టి ఆ వైశాల్యంతో పోలిస్తే బరువు రెండింతలు, కాబట్టి వేగం రెండు రెట్లు. ఆ చివరి 2ను తనే కొట్టేసి, పక్కన కోన్ల బొమ్మ వేసి, కింద √2 = 1.4 అని రాసి ఉంది.